లోహం తక్కువైన చుక్క

ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక ఫంక్షన్ హాలు. అక్కడ మైకు ముందు నిలబడి నేను నాలుగు వాక్యాలు చదవాలి. అంతకు మించి నేనేమీ అడగలేదు. ఆ నాలుగు వాక్యాలను వానలు పడ్డ రోజుల నుంచి చలి ముదిరేదాకా గొణుక్కుంటూ తిరిగాను. అన్నం వండుతూ చదివాను, షేర్ ఆటోలో చదివాను, ఇనుము యార్డులో గ్రైండర్ చక్రం గోలలో నా గొంతు నాకే వినపడకపోయినా చదివాను.

తెలంగాణ రాష్ట్రం రావడానికి కొంచెం ముందటి సంగతి ఇది. ఉప్పల్ రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు లేస్తున్నాయి. ఏ రోజు బంద్ ఉంటుందో, ఏ రోజు బస్సు తిరుగుతుందో తెలిసేది కాదు. నాచారం పారిశ్రామికవాడలో పాత ఇనుము యార్డులో నా పని. నల్లగొండ జిల్లా నుంచి పెళ్లయిన కొత్తలో వచ్చి ఇక్కడే పడ్డాను. మా ఆయన లారీలకు లోడింగ్ చేసేవాడు. ఆయన పోయాక యార్డు సేటు నన్ను అక్కడే పెట్టుకున్నాడు, ఏరే పనికి.

ఏరడమంటే చూపు, చెయ్యి రెండూ ఉండాలి. లారీలో అన్నీ కలిసి వస్తాయి. మంచాల పట్టీలు, మోటారు ముక్కలు, విరిగిన పనిముట్లు, కారు భాగాలు. ఏది మామూలు ఇనుమో, ఏది బీడో, ఏది స్టీలో వేరు చేసి కుప్ప పోయాలి. బీడంటే పోత పోసిన ఇనుము, సుత్తితో కొడితే పగిలే రకం. చూసి చెప్పలేని ముక్కను గ్రైండర్ చక్రానికి ఆనిస్తాం. రవ్వలు లేస్తాయి. మామూలు ఇనుమైతే రవ్వలు పొడుగ్గా, తెల్లగా, దాదాపు గీత గీసినట్టు పోతాయి. అరిగిపోయిన ఆకురాయిని పెడితే ప్రతి రవ్వా చివర పగిలి పువ్వులా విచ్చుకుంటుంది. అందులో బొగ్గు ఎక్కువ. బీడు రవ్వలు పొట్టిగా, ఎర్రగా ఉంటాయి. స్టీలు రవ్వలకు పువ్వే ఉండదు. ఇదేం గొప్ప విద్య కాదు. యార్డులో అందరికీ తెలుసు, కొత్తగా చేరినవాళ్లకు రెండు మూడు నెలల్లో వచ్చేస్తుంది. ఈ మాట ఇక్కడే ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

యాభైకి దగ్గర పడ్డాక నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఎందుకని చాలామంది అడిగారు. దవాఖానాలో జరిగినది ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను. లైన్లో నిలబడి నా చిట్టీ ముందున్న కుర్రవాడికిచ్చి, ఏ రూముకు పొమ్మన్నారో చూడమన్నాను. వాడు రూము నంబరు ఒక్కటే చెబితే పోయేది. పైనుంచి కింద దాకా చదివాడు, అందరికీ వినపడేటట్టు. నా ఒంటి సంగతి, ఆడవాళ్లు ఆడవాళ్లకు కూడా గొంతు తగ్గించి చెప్పుకునే సంగతి, ఆ లైనంతా విన్నది. ఒకాయన "అయ్యో పాపం" అన్నాడు. ఆ పాపం మాట ఇంకా నా చెవిలోనే ఉంది. ఆ రోజు అనుకున్నాను, ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నలుగురు కూర్చుని వింటుంటే కాగితం మీద ఉన్నది నా నోటి నుంచి రావాలని.

మా బస్తీ కమ్యూనిటీ హాలులో సాయంత్రాలు ఆడవాళ్లకు చదువు చెబుతారని తెలిసి వెళ్లాను. నాతో పాటు వదిన వచ్చింది. వరసకు ఏమీ కాదు, యార్డులో నా పక్కన కూర్చుని రాగి తీగలు వలిచే మనిషి. పుట్టింది చెంగిచెర్లలో. అక్షరాల మీద ఆమెకు ఏ కోరికా లేదు, నన్ను ఒక్కదాన్ని పంపడం ఇష్టం లేక వచ్చేది.

"ఏందే, కలెక్టర్ పోస్టు ఏమన్న కాళీ ఉన్నదా, ఇంత జోరుగ సదువుతున్నవ్?" అనేది దారంతా.

"ఉంటే నువ్వు చప్రాసీగ చేరు వదినా, నా ఫైళ్లు మోద్దువు గాని."

చెప్పే అమ్మాయి గుంటూరు వైపు నుంచి వచ్చింది. మేడం అనేవాళ్లం. హబ్సిగూడలో హాస్టల్లో ఉండేది. యూనివర్సిటీలో నక్షత్రాల మీద పరిశోధన చేస్తూ, పొద్దున పూట ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో పిల్లలకు ఫిజిక్స్ చెప్పేది. సాయంత్రం మాకు. మొదటి రోజే అ, ఆ అనకుండా మా పని ఏమిటో అడిగింది. ఇనుము అని రాసి ఇ చూపించింది. రాగి అని రాసి రా చూపించింది. మంచి అమ్మాయి. ఈ రాతంతా చదివాక కూడా ఎవరైనా ఆమెను మంచిది కాదనుకుంటే నాకు ఇష్టం ఉండదు.

గుణింతాలు దాటి మాటలు చదువుతున్న రోజుల్లో, నువ్వేం చదువుతావు మేడం అని అడిగాను. ఆమె బోర్డు మీద రాసింది: లోహాలు తక్కువ ఉన్న నక్షత్రాలు. నేను కూడబలుక్కుని చదివాను. లోహం అన్న మాట చూసి మాకు ప్రాణం లేచొచ్చింది, మా సరుకే కదా.

"చుక్కల్ల ఇనుము ఉంటదా మేడం?" అన్నాను.

"ఉంటుంది అక్కా. ఇనుము, రాగి, వెండి, బంగారం కూడా. కాకపోతే మా చదువులో హైడ్రోజన్, హీలియం అనే రెండు తేలికైన వాయువులు తప్ప మిగతావన్నీ లోహాలే. మనం పీల్చే ఆక్సిజన్ని కూడా లోహమనే అంటాం."

వదిన బిస్కెట్ నములుతున్నది ఆపింది. "పీల్చే గాలి గూడ ఇనుమేనా? గీ ముచ్చట మా సేటుకు చెప్పకు మేడం, గాలిని సుత తూకంల పెడ్తడు."

ఆ రోజు అందరం నవ్వాం. మేడం కూడా నవ్వి, తర్వాత ఓపిగ్గా చెప్పింది. లోకం పుట్టినప్పుడు ఆ రెండు వాయువులే ఉన్నాయట, వాటితో పాటు లిథియం అనే తేలికైన లోహం చిటికెడు. ఇనుము లేదు, మట్టి లేదు, నీళ్లు లేవు. వాటితోనే మొదటి నక్షత్రాలు తయారయ్యాయి, చాలా పెద్దవి. వాటి కడుపులోనే మిగతావన్నీ ఉడికాయి. అవి తొందరగా కాలిపోయి పగిలిపోయాయి. పగిలినప్పుడు ఆ ఉడికినదంతా చుట్టూ చల్లాయి. ఆ బూడిద కలిసిన వాయువు నుంచి రెండో తరం పుట్టింది, అవి పగిలాక మూడో తరం. తరం మారిన కొద్దీ లోహం పెరుగుతూ వచ్చింది. మన సూర్యుడు చాలా వెనక పుట్టినవాడు, అందుకే అతనిలో అన్నీ ఉన్నాయి. మొదటి తరం నక్షత్రం ఇంతవరకు ఎవరికీ కనపడలేదు. కానీ వాటి వెనకే పుట్టిన చిన్న నక్షత్రాలు కొన్ని ఇంకా వెలుగుతున్నాయి. చిన్నవి నిదానంగా కాలతాయి, అందుకు. వాటిలో సూర్యుడిలో ఉన్న ఇనుములో వెయ్యో వంతు కూడా ఉండదు. అలాంటి దాన్ని వెతికి పట్టుకుంటే మొదటివి ఎలా బతికాయో, ఎలా చచ్చాయో తెలుస్తుంది.

"అంత దూరంల ఏం కలిసిందో ఎట్ల తెలుస్తది?" అని అడిగాను.

"వెలుగు చూసి అక్కా."

"మేం గూడ గంతే కద. నిప్పు చూసి చెప్తం."

ఆమెకు అర్థం కాలేదు. వివరంగా చెప్పాను. ఆ ఆదివారం యార్డుకు వచ్చింది. సేటు లేని పూట చూసి చక్రం తిప్పాను. మామూలు ఇనుప కడ్డీ పెట్టాను, ఆకురాయి పెట్టాను, బీడు ముక్క పెట్టాను. ఆమె చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లలా చూసింది. తర్వాత సంచీలోంచి రంగుల కాగితపు పట్టీలు రెండు తీసింది. నక్షత్రం వెలుగును గాజు పలకతో విడదీస్తే వచ్చే ఇంద్రధనుస్సు బొమ్మలట. సూర్యుడి పట్టీ నిండా నల్లని సన్నగీతలు, గద్వాల చీర అంచులా. ఒక్కో లోహం తన రంగును తాను తినేస్తుంది, అక్కడ గీత పడుతుంది. రెండోది పాత నక్షత్రానిది. అక్కడక్కడా ఒక గీత. మిగతాదంతా రంగు.

"చూడండి, దీంట్లో దాదాపు ఏమీ లేదు. అందుకే దీనికి అంత విలువ," అంది.

ఏమీ లేనిదానికి విలువ ఉండడం నేను మొదటిసారి విన్నాను. నాకు అది నచ్చింది. ఏమీ లేనిదానికి విలువ ఎవరి దగ్గర, ఎప్పటిదాకా అని అప్పుడు అడగలేదు.

ఇనుములో రాగి సంగతి ఆమెకు నేను చెప్పాను. పాత ఇనుము కరిగించినప్పుడు అందులో మోటారు తీగ ఒక్కటి పడితే ఆ రాగి ఇక బయటికి రాదు. తుప్పు పోతుంది, మట్టి తెట్టెగా తేలుతుంది, రాగి మాత్రం లోపలే ఉండిపోతుంది. మళ్లీ కరిగిస్తే ఇంకొంచెం కలుస్తుంది. అందుకే ఏమీ కలవని ఇనుమును మేం ఎప్పుడూ వేరే కుప్ప పోస్తాం, దానికి రేటు వేరు. మేడం వెంటనే, "ఇదే అక్కా, ఇదే నేను చేస్తున్నది, కలవని కుప్పను వెతుకుతున్నా," అంది. అప్పుడే ఆమెకు ఆ ఆలోచన వచ్చినట్టుంది. కోచింగ్ సెంటర్ వాళ్లు పిల్లలకు, తల్లిదండ్రులకు సైన్స్ ప్రోగ్రాం పెడుతున్నారు. చక్రం తీసుకొచ్చి రవ్వలు చూపిస్తారా, నేను నక్షత్రాల గురించి చెబుతాను అంది.

"సూపిస్త. కాని మేడం, నేను గూడ ఏమన్న సదువుత. కాయిదం పట్టుకొని."

ఆమె నా మొహం చూసింది. "చదవండి. మీరే చదవండి. నాలుగు వాక్యాలు రాసుకుందాం."

అక్షరాలు వచ్చాక వాటిని ఎక్కడ వాడాలో నాకు తెలియలేదని ఇక్కడ చెప్పాలి. యార్డులో కుప్పల మీద సుద్దముక్కతో గుర్తులు పెడతాం. బీడుకు ఇంటూ గుర్తు, స్టీలుకు సున్నా, కలవని ఇనుముకు నిలువు గీత. ఒకరోజు నేను సంబరంగా గుర్తు బదులు బీడు అని అక్షరాలే రాశాను. గుండ్రంగా, నీట్‌గా వచ్చింది. లోడింగ్ వాళ్లెవరికీ చదువు రాదు. గుండ్రాలు చూసి సున్నా అనుకున్నారు, ఆ కుప్పను స్టీలు లారీలోకి ఎక్కించారు. సేటు అందరి ముందూ అరిచాడు. "గీతలు పెట్టవే అంటే కతలు రాస్తవా? నీ సదువు నీ ఇంటికాడ పెట్టుకో." లోడింగ్ వాళ్లు నన్నే తిట్టారు, లారీ మళ్లీ దించాల్సి వచ్చింది కాబట్టి. మర్నాటి నుంచి మళ్లీ ఇంటూ, సున్నా, నిలువు గీత. దవాఖానాలో చిట్టీ ఇంగ్లీషులో ఉంటుందని కూడా అప్పటికి తెలిసొచ్చింది. కాబట్టి నా తెలుగు అక్షరాలకు మిగిలింది ఆ హాలు ఒక్కటే.

వాక్యాలు క్లాసులో అందరం కలిసే రాశాం. మొదటి మూడూ మేడం చెప్పింది, నేను రాసుకున్నాను. మన పాలపుంతలో అన్నిటికంటే పాత నక్షత్రాల్లో లోహాలు చాలా తక్కువ. వాటి వెలుగును విడదీసి చూస్తే వాటికంటే ముందు కాలిపోయిన నక్షత్రాల గుర్తులు కనపడతాయి. వాటిలో కొన్ని ఇక్కడ పుట్టినవి కావు, మన పాలపుంత మింగిన చిన్న పాలపుంతల నుంచి వచ్చినవి.

ఆ మూడోదాని దగ్గర వదిన ఆపింది. "మింగుడేంది?"

మేడం చెప్పింది. మన పాలపుంత మొదట్లో ఇంత పెద్దది కాదు. చుట్టుపక్కల చిన్నవాటిని ఒక్కొక్కటిగా లాక్కుని కలుపుకుంటూ పెరిగింది. కలిసిపోయినా ఆ నక్షత్రాలను ఇప్పటికీ గుర్తు పట్టొచ్చు. వాటిలో లోహాల పాళ్లు వేరుగా ఉంటాయి, నడక కూడా వేరు. మిగతావన్నీ ఒక వైపు తిరుగుతుంటే కొన్ని ఎదురు తిరుగుతుంటాయి.

వదిన తల ఊపింది. "గట్ల జెప్పు. మా చెంగిచెర్లను మింగినట్టు. మా నాయిన ఉన్నప్పుడు అది మా ఊరు. ఇప్పుడు ఏ బస్సు బోర్డు జూసినా హైదరాబాదే. ఎదురు తిరిగెటియి మా ఊరోళ్లయి ఉంటయి మేడం, బాగ సూడు."

అప్పటి రోజుల్లో ఎవరు ముందు, ఎవరు వెనక, ఎవరిది ఎవరు తిన్నారు అన్న మాట వస్తే గదిలో గాలి మారిపోయేది. గుంటూరు అమ్మాయి బోర్డు వైపు తిరిగి తుడవడానికి ఏమీ లేకపోయినా తుడిచింది. వదినే మళ్లీ అంది, "నిన్ను అనలే బిడ్డ. నువ్వు అద్దెకున్నదానివి, నువ్వేం మింగినవ్."

నాలుగో వాక్యం నాది. ఇంటికి పోయి రాసుకొచ్చాను. నేను పలికినట్టే రాస్తే మేడం దాన్ని పుస్తకాల తెలుగులోకి సరిచేసింది, అంతే, మాట మార్చలేదు. ముందు పుట్టినవాటికి ఏమీ దొరకలేదు, వెనక పుట్టినవాటికి ముందువాటి బూడిద దొరికింది.

మేడం దాన్ని రెండుసార్లు చదివింది. "ఇది నేను రాయలేను అక్కా," అంది.

నాకు పొగడ్తలు అలవాటు లేదు. ఆ రాత్రి అన్నం సరిగా తినలేకపోయాను, సంతోషంతో.

ప్రోగ్రాం రోజు వదినా నేనూ గ్రైండర్ని ఆటోలో పెట్టుకుని మల్లాపూర్ మీదుగా ఏ.ఎస్. రావు నగర్ వెళ్లాం. సేటు గ్రైండర్ ఊరికే ఇవ్వలేదు, స్టేజీ మీద యార్డు పేరు చెప్పించమన్నాడు. నేను పెట్టెలో ఉన్న ఒకే ఒక్క మంచి చీర కట్టుకున్నాను. కాగితాన్ని మడిచి కొంగున ముడేసుకున్నాను. చదవడానికి అవసరం లేదు, అంతా నోటికొచ్చు. కానీ కాగితం చేతిలో ఉండాలి, అది చూసి చదవాలి. నాకు కావలసింది ఆ చూసి చదవడమే.

స్టేజీ వెనక సన్నగది. కోచింగ్ సెంటర్ డైరెక్టర్ సార్ వచ్చాడు. తెల్లచొక్కా, మెడలో కార్డు. నన్ను పైనుంచి కిందికి చూసి మేడంతో మాట్లాడాడు, నేను గోడనైనట్టు.

"ఈవిడేనా? బాగుంది. చదువు రాదుగా?"

"ఇప్పుడు చదువుతున్నారు సార్. ప్రోగ్రాంలో నాలుగు వాక్యాలు ఆవిడే చదువుతారు, చెప్పానుగా."

"నువ్వు చెప్పింది నాకు గుర్తులేదమ్మా. చదువు రాని కార్మికురాలు వస్తోందని పేపర్ వాళ్లకు కూడా చెప్పాను. అక్షరం రాకున్నా సైన్స్ వచ్చు, అదే కదా మన పాయింటు. తల్లిదండ్రులకు అదే పట్టేది. ఈవిడ కూడబలుక్కుంటూ చదివితే ఏముంది? రెండో క్లాసు పిల్లలు ఇంతకంటే బాగా చదువుతారు."

"సార్, ఆవిడ చాలా కష్టపడి..."

"నువ్వు చదువు. రవ్వలు ఆవిడ చూపిస్తుంది. ఏదీ, చూడనీ." మేడం తన కోసం రాసుకున్న ఇంకో కాగితం ఆమె చేతిలోంచి తీసుకుని చూశాడు. "ఈ చివరిది తీసెయ్. బూడిదేంటి, పిల్లల ప్రోగ్రాంలో?"

మేడం నా వైపు తిరిగింది. ఆమె మొహంలో నేను వెతికింది కనపడలేదు. "అక్కా, ఈ ఒక్కసారికి..." అంది.

వదిన గ్రైండర్ మీద చెయ్యి వేసి నిలబడింది. "పోదాం పా. మన చక్రం మనం తీస్కపోదాం." నేనే వద్దన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ పూర్తిగా తెలియదు. స్టేజీ ఎక్కితే ఎట్లాగో మైకు దగ్గరికి పోవచ్చనుకున్నాను కావచ్చు.

లైట్లు ఆర్పారు. చక్రం తిప్పి కడ్డీ ఆనించాను. చీకట్లో రవ్వలు తెల్లగా సాగాయి. పిల్లలు ఓ అని అరిచారు. ఆకురాయి పెట్టగానే పువ్వులు. ఇంకా గట్టిగా అరిచారు. ఆ అరుపు నాకు బాగుంది, లేదనను. లైట్లు వేశారు. డైరెక్టర్ సార్ మైకు పట్టుకున్నాడు.

"చూశారా! ఈ తల్లికి అక్షరం ముక్క రాదు. సంతకం కూడా రాదు. కానీ నిప్పు చూసి ఏ లోహమో చెబుతుంది! మన శాస్త్రవేత్తలు నక్షత్రాల వెలుగు చూసి చేసేది కూడా ఇదే. చదువు లేని ఈమే ఇంత చేస్తే, చదువుకునే మీరు ఎంత చెయ్యాలి?"

చప్పట్లు. ఆ చప్పట్లలో నేను వెనక్కి తిరిగి చూశాను. నా తలమీదుగా పెద్ద బ్యానర్ కట్టి ఉంది. ప్రవేశాలు ప్రారంభం. అనుభవజ్ఞులైన అధ్యాపకులు. బాలబాలికలకు వేర్వేరు హాస్టళ్లు. ఒక్కో మాటా ఎక్కడా ఆగకుండా చదివాను, లోపల్లోపల. అనుభవజ్ఞులైన అనేదాని దగ్గర కూడా ఆగలేదు. అంత పెద్ద మాట నేను అంతకుముందు ఎప్పుడూ ఒక్క ఊపున చదవలేదు.

తర్వాత మేడం మైకు తీసుకుని మూడు వాక్యాలు చదివింది. చక్కగా చదివింది. నాలుగోది చదవలేదు. పాత నక్షత్రాల గురించి చెప్పింది. కొన్నిటిలో ఇనుము లేకపోయినా బొగ్గు మాత్రం చాలా ఉంటుందట. వాటికి ముందున్న నక్షత్రం గట్టిగా పగలక, ఇనుమంతా తన లోపలికే పడిపోయి, పైపైన ఉన్న బొగ్గు మాత్రం బయటికి వచ్చి ఉంటుందట. అందరూ విన్నారు. నేను కూడా విన్నాను. ఇనుమంతా లోపలికే పడిపోవడం ఎలా ఉంటుందో ఆ స్టేజీ మీద నాకు ఎవరూ వివరించనవసరం లేకపోయింది.

శాలువా కప్పడానికి డైరెక్టర్ సార్ దగ్గరికి వచ్చినప్పుడు కొంగు ముడి విప్పాను. "సార్, ఆ కాయిదం నేను సదువుత. నాకొస్తది," అన్నాను. మైకు ఆయన చేతిలోనే ఉంది. దాన్ని పక్కకు తిప్పాడు. "టైం అయిపోయిందమ్మా, ఫోటో అటు చూడు," అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వులో కోపం లేదు. నేను ఏం అడిగానో కూడా ఆయన మనసులోకి పోలేదు. కెమెరా వెలిగింది.

ఆటోలో మేడం మాతో పాటే వచ్చింది, నాచారం దాకా. మల్లాపూర్ దాటాక అంది, "నాకు ఆ ఉద్యోగం కావాలి అక్కా. అది పోతే హాస్టల్ ఖాళీ చెయ్యాలి. అందుకే గట్టిగా అనలేకపోయాను."

"నేనేమన్న అన్ననా మేడం?"

"అంటే బాగుండు."

అప్పుడు అన్నాను. "నీ చుక్కల జర ఇనుము ఎక్కువున్నదనుకో, నీకు పనికొస్తదా?"

"అది వేరు అక్కా."

"ఏం వేరు? ఏం కలవనిది దొర్కితెనే గద మీ సంబురం. నాలో అచ్చరాలు కలిసినయి, నేను పనికిరాలే. గంతే."

ఆమె ఏడ్చింది. నేను ఓదార్చలేదు. వదినే ఓదార్చింది, చెంగిచెర్ల వదిన, గుంటూరు అమ్మాయిని భుజం మీద తట్టి. నాకు చెయ్యి లేవలేదు. ఆ తర్వాత కూడా క్లాసుకు పోయాను, వాచకం పూర్తి చేశాను, కానీ మా మధ్య ఆ ఆటో ఎప్పుడూ ఉండేది. పరిశోధన అయిపోయాక ఆమెకు బెంగళూరులో పని దొరికింది. పోయేముందు ఆ రెండు రంగుల పట్టీలు నాకిచ్చింది. తీసుకున్నాను.

ప్రోగ్రాం అయిన రెండో రోజో మూడో రోజో వదిన టీ కొట్టు నుంచి పేపరు పట్టుకొచ్చింది. లోపలి పేజీలో ఫోటో. శాలువాతో నేను, పక్కన డైరెక్టర్ సార్. నా మొహం చూస్తే ఎవరో చెంపదెబ్బ కొట్టినట్టుంది. యార్డు పేరు లేదు, సేటు అందుకు అలిగి అప్పటికే రెండుసార్లు గొణిగాడు. భోజనాల వేళ. లోడింగ్ వాళ్లు, రాగి వలిచే ఆడవాళ్లు తూకం కాటా దగ్గర చుట్టూ చేరారు.

"ఏం రాసిన్రు? సదువు, సదువు."

చదివాను. ఎక్కడా ఆగలేదు. "అక్షరం ముక్క రాకున్నా నక్షత్రాల గుట్టు విప్పిన శ్రామిక మహిళ."

వదిన పగలబడి నవ్వింది. "అరె, సదువు రాదని రాసినకాడ నువ్వే సదువుతున్నవేందే! మళ్లొక్కసారి సదువు." మళ్లీ చదివాను. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, ఏం చేస్తాను. పేపర్లో ఒక మాటను నేను ఎవరి సాయం లేకుండా చదవడం అదే మొదలు. ఆ మాట ఏమిటో చూశారు కదా.

అప్పుడు వదిన నవ్వు ఆపి అంది, "నీ కాయిదం ఏదే? గది సదువు. మేం ఇంటం."

కాగితం ఇంకా కొంగునే ఉంది. మడతల దగ్గర చిరుగుతోంది. విప్పి, నిలబడి చదివాను. మొదటి వాక్యం అక్షరాల కింద వేలు పెట్టి చదివాను. రెండోదానికి వేలు తీసేశాను. ఒకతను అన్నం కలుపుకుంటూనే విన్నాడు, ఒకామె నోరు తెరుచుకుని విన్నది. మూడోదాని దగ్గర వదిన, "గిది మా చెంగిచెర్ల ముచ్చట," అని పక్కవాళ్లకు చెప్పింది. అంతలో గేటు దగ్గర లారీ డ్రైవర్ హారన్ కొట్టాడు. సేటు గది నుంచే కేక వేశాడు, "అన్నాలు ఆపున్రి, లోడు దించున్రి, బండి నిలబెడితే కిరాయి ఎవ్వడిస్తడు?" అందరూ గిన్నెలు మూసి లేచారు. నేను కాగితం మడిచి చక్రం దగ్గరికి పోయాను.

నాలుగో వాక్యం పైన రాశాను. దాన్ని ఇంతవరకు ఎవరి ముందూ పైకి చదవలేదు.